అరుగు మీద చాట నింపుడు

పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళందరికీ ఒకేసారి థైరాయిడ్ వచ్చింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మొదట మూడో అంతస్తులో ఉండే ఒకావిడకు వచ్చింది. ఆమెకు నిజంగానే వచ్చింది, పాపం. రిపోర్టు ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వారం తిరిగేసరికి ఒకరికి జుట్టు రాలడం మొదలైంది, ఇంకొకరికి ఊరికే కోపం వస్తోంది, మరొకరికి మెట్లెక్కితే ఆయాసం. అందరూ కరీంనగర్‌లో ఆమె వెళ్ళిన ల్యాబుకే వెళ్ళారు. ఇంత మాట్లాడుతున్నాను కదా, నేనూ వెళ్ళాను. నాకు ఏమీ లేదని వచ్చింది. ఎదురు ఫ్లాటు ఆవిడ నా చేయి పట్టుకుని, "ఇప్పుడు లేకపోతే ఏమాయె వదినా, ముందు ముందు రావచ్చు" అని ధైర్యం చెప్పింది.

నవ్వొచ్చింది. తర్వాత నేను పుట్టి పెరిగిన సిరిసిల్ల గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఈ ఫోన్లు వచ్చాకే మనుషులు ఇట్లా తయారయ్యారని మా ఆయన రోజూ అంటుంటాడు. ఏం ఫోన్లు, ఏం పాడు! మా గల్లీలో ఎవరి చేతిలోనూ ఫోన్ లేని రోజుల్లోనే, పొద్దున ఒకరికి నడుము నొప్పి మొదలైతే సాయంత్రానికి గల్లీ మొత్తం నడుము పట్టుకునేది. మాకు వాట్సాప్ లేకపోతేనేం, పెద్దమ్మ ఇంటి అరుగు ఉండేది.

మా గల్లీ అంతా నేత పనివాళ్ళదే. మగవాళ్ళు సాంచెల మీద, ఆడవాళ్ళు బీడీల మీద. మరమగ్గాలను మేం సాంచెలంటాం. వాటి చప్పుడులో బతికి బతికి మా బాపు ఇంట్లో కూడా షెడ్డులో మాట్లాడినట్టే అరిచి మాట్లాడేవాడు. "జర నీళ్ళియ్యే" అని అడిగితే చాలు, గల్లీ చివర కుక్క లేచి మొరిగేది. బాపు షిఫ్టుకు వెళ్ళగానే మా అవ్వ, అంటే మా అమ్మ, వంట ముగించి, చాట చంకన పెట్టుకుని ఎదురింటి అరుగు మీదికి చేరేది. ఆ ఇంటావిడను మేమంతా పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. రక్తసంబంధం ఏమీ లేదు. వయసులో పెద్దది, గొంతు ఇంకా పెద్దది, ఆమె అరుగు మీద ఎండ తొందరగా తప్పుకునేది. అందుకని గల్లీలో ఆడవాళ్ళంతా అక్కడే కూర్చుని బీడీలు చేసేవాళ్ళు.

బడికి సెలవొస్తే నేనూ అక్కడే. తడిపిన తునికాకును రేకు ఆనించి కత్తిరించి ఇచ్చేదాన్ని. పెద్దవాళ్ళు ఆ ముక్కలో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి ముడిచి చాటలో పడేసేవాళ్ళు. చేతుల వైపు చూడాల్సిన పనే లేదు. కళ్ళు వీధి మీద, నోరు ముచ్చట మీద. మధ్యమధ్య దగ్గు. ఆ తంబాకు ఘాటు మా అవ్వ కొంగులో, జడలో, మాకు కలిపి పెట్టే అన్నం ముద్దలో కూడా ఉండేది. ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ముందు ఆకలేస్తుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది.

ఆ అరుగు మీద పుట్టిన మాట గల్లీలో నడవాల్సిందే. ఒకామె శనివారం ఒక్కపొద్దు పట్టిందంటే నెల తిరక్కుండా అందరూ పట్టేవాళ్ళు. ఒకామె ప్రెషర్ కుక్కర్ కొంటే, బాంబులా పేలుతుందని ముందు అందరూ తిట్టి, తర్వాత అందరూ కొన్నారు. ఒకసారి ఎవరికో కాళ్ళు దురద పెడుతున్నాయని మా ఆర్‌ఎంపీ డాక్టరు వంకాయ మానెయ్యమన్నాడు. ఇంకేముంది, అరుగు మొత్తం వంకాయ మానేసింది. కూరగాయల గంప ఎత్తుకొచ్చే ముసలమ్మ అరుగు ముందు కూలబడి, "ఏం పాపం జేసిందమ్మా గీ వంకాయ? జర ఒక్కలన్న తీస్కోండ్రి" అని మొత్తుకుంది. ఎవరూ కొనలేదు. దురద మాత్రం ఎవరికీ పోలేదు.

మంచి కూడా అట్లాగే పాకేది, అది చెప్పకపోతే నా నోరు పడిపోతుంది. పెద్దమ్మ తన చిన్న బిడ్డను ఇంటర్‌లో వేసింది. అంతే, "వాళ్ళ పొల్ల పోతుంది, నువ్వెందుకు పోవు" అని మా అవ్వ నన్నూ తరిమింది. పదో తరగతి కాగానే చాట పట్టాల్సిన ఆడపిల్లలం ఆ ఏడు వరసగా కాలేజీ బస్సెక్కాం. ఆ అరుగు లేకపోతే నేను ఈ పాటికి ఏ గల్లీలో బీడీలు చేస్తూ దగ్గుతుండేదాన్నో.

ఆ అరుగుకు ఒక పద్ధతి ఉండేది. చాట నింపుడు అనేవాళ్ళు. ఇంట్లో కానుపైనా, చావైనా, ఎవరికైనా ఆపరేషన్ అయినా, ఆ ఇంటామె నెల రోజులు పనికి రాదు. కానీ కంపెనీకి బీడీలు చేయించే టేకేదారుకు బీడీలు ఇవ్వడం ఆగితే పని కార్డు తీసేస్తాడు. కార్డు పోతే పీఎఫ్ కూడా పోతుంది. అందుకని ఆమె ఖాళీ చాటను తెచ్చి అరుగు మధ్యలో పెట్టేవాళ్ళు. సాయంత్రం లేచేముందు ప్రతి ఒక్కరూ తమ బీడీల్లోంచి కొన్ని కట్టలు తీసి అందులో వేసేవాళ్ళు. ఎవరూ ఎవరినీ అడిగేది లేదు, ఎవరెన్ని వేశారని చూసేది లేదు. నా తమ్ముడు పుట్టినప్పుడు మా అవ్వ చాట అట్లాగే నిండింది. బాపు ఆ చాట తీసుకెళ్ళడానికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక అందరికీ దండం పెట్టి, "గట్ల నిలవడతవేంది మరిదీ, పో, బాలింతకు నీళ్ళు కాగవెట్టు" అని పెద్దమ్మ చేత తిట్లు తిన్నాడు.

అయితే నడుము నొప్పికి చాట నింపేవాళ్ళు కాదు. మెడ నొప్పికి, కళ్ళ మంటకు, దగ్గుకు కూడా నింపేవాళ్ళు కాదు. అందరికీ ఉన్నది రోగం ఎట్లా అవుతుంది? మా అవ్వ "నడుములు పడిపోతున్నయే" అంటే అవతలి ఆమె "నాయి ఎప్పుడో వడ్డయి" అనేది. ఇద్దరూ నవ్వుకుని, గోడకు ఇంకాస్త ఆనుకుని, ఇంకో ఆకు తీసేవాళ్ళు.

గర్భసంచి ఆపరేషన్ ముందుగా పెద్దమ్మకే అయింది. ఆమెకు అది అవసరమై అయింది. నెలల తరబడి రక్తం పోయి, మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడి, నడుస్తూ నడుస్తూ కూలబడేది. ఆపరేషన్ చేసి ఇంటికి తెచ్చాక మంచం అరుగు పక్కనే వేయించుకుంది, ముచ్చట్లు పోతాయని. ఆమె చాట మధ్యలో, ఆమె మంచం పక్కన. గల్లీ అంతా బ్రెడ్డు, సంత్రాలు తెచ్చి పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరికైనా మంచినీళ్ళు ఇవ్వడమే తప్ప ఒకరి చేత ఇప్పించుకోని పెద్దమ్మ, మొగుడు ఇచ్చిన చాయ్ మంచం మీద పడుకునే తాగింది. నెల తర్వాత లేచి కూర్చునేసరికి బుగ్గలు నిండి, కళ్ళల్లో కళ వచ్చింది. "పానం తేటవడ్డది" అని అందరితో అన్నది.

ఆ తర్వాత మొదలైంది. మా ఇంటికి రెండిళ్ళ అవతలుండే చిన్నమ్మకు తెల్లబట్ట అవుతోందన్నారు. ఆమె వయసెంతని, ముప్ఫై కూడా నిండలేదు. పెద్దమ్మ వెళ్ళిన ప్రైవేటు దవాఖానాకే ఆమెనూ తీసుకెళ్ళారు. సంచి ఖరాబైంది, ఉంచుకుంటే ముందు ముందు క్యాన్సర్ కావచ్చన్నారట. తీసేశారు. ఆమె చాట నిండింది, మంచం పడింది, సంత్రాలు వచ్చాయి. ఆ పై ఏడాది ఇంకొకరు, ఇంకొకరు. నా డిగ్రీ దాకా వెళ్ళక్కర్లేదు, నేను ఇంటర్‌లో చేరేసరికే అరుగు మీద సంచి ఉన్నవాళ్ళను వెతుక్కోవాల్సి వచ్చింది. సాంచెల షెడ్డులో మగవాళ్ళు కూడా, పిల్లలకు పోలియో చుక్కలు వేయించారా అని అడిగినట్టు, "మీ ఇంటామెది ఇంక కాలేదా?" అని బాపును అడిగేవాళ్ళట.

ఒకరోజు పొద్దున అన్నం వడ్డిస్తూ అవ్వ బాపుతో చెప్పింది.

"నాకు గూడ చాతనైతలేదు. సంచి తీపిచ్చుకుంట."

"అందరు తీపిచ్చుకుంటున్నరు గద. నువ్వు గూడ తీపిచ్చుకో" అన్నాడు బాపు, పక్కింటికి కూడా వినబడేట్టు. ఆ మనిషి మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఏమైందే, ఎక్కడ నొప్పే అని ఒక్క ముక్క అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు, అందరి ఇళ్ళల్లో జరిగినదే తన ఇంట్లోనూ జరుగుతోంది అనుకున్నాడు, అంతే.

నాకు మాత్రం చిన్నమ్మ గుర్తొచ్చింది. ఆపరేషన్ అయిన కొత్తలో పెద్దమ్మలాగే ఆమె మొహం కూడా తేటపడింది. ఏడాది గడిచాక ఆమెకు ఉన్నట్టుండి ఒళ్ళంతా మంటలు లేచేవి, నిద్ర పట్టేది కాదు. కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునేది. "ఏమైతుందో తెల్వది పొల్లా, ఉట్టిగనే ఏడుపొస్తది" అని ఒకసారి నాతో అన్నది. అరుగు మీద అడిగితే, అది ఆమె ఒంటి తీరు అన్నారు. నేను కాలేజీలో జువాలజీ మేడం దగ్గరికెళ్ళి అడిగాను. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆడదానికి ముసలితనం ముందే వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి అని ఆమె చెప్పింది. అవసరమైతే తీయాలి, అవసరమో కాదో మంచి డాక్టరుకు చూపించాలి అని కూడా చెప్పింది.

ఇంటికొచ్చి అవ్వతో చెప్పాను. వినలేదు. గట్టిగా చెప్పాను. "నాకంటె ఎక్కువ తెల్సా నీకు? గిన్ని తీర్ల పానం తీస్తుంటె" అని కసిరింది. నాది ముందే మంచి నోరు కాదు, నేనూ నాలుగు అన్నాను. చివరికి అన్నం మీద అలిగాను. రెండో రోజుకు బాపు దిగొచ్చాడు. "పిల్ల తింటలేదు. ఒక్కపారి కరీంనగర్ సర్కారు దవాఖానల గూడ సూపెట్టుకోరాదు? గాల్లు గూడ గదే చెప్తరు, దీని నోరు మూతవడ్తది" అన్నాడు. అవ్వ ముక్కుతూ మూలుగుతూ ఒప్పుకుంది.

ఆ రోజు అవ్వ మంచి చీర కట్టుకుని బస్సెక్కింది. దవాఖానాలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది, స్కానింగ్ తీయించింది. ఆమె విసుక్కుంటుందేమో అని నేను భయపడ్డాను గానీ విసుక్కోలేదు. అవ్వను కూర్చోబెట్టి, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

"బీడీలు చేస్త మేడం."

"రోజూ ఎంతసేపు కూర్చుంటావు?"

అవ్వకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కూర్చోని సమయం ఎప్పుడు ఉందో ఆలోచిస్తున్నట్టు నా వైపు చూసింది.

సంచికి ఏమీ కాలేదని డాక్టరమ్మ చెప్పింది. అవ్వ చెప్పిన తెల్లబట్టకు గోలీలు రాసిచ్చింది, కొన్నాళ్ళలో తగ్గిపోతుందన్నది. నడుము మాత్రం బాగా దెబ్బతిన్నదన్నది. నెల రోజులు కింద కూర్చోకుండా పడుకోవాలి, తర్వాత కూడా మధ్యమధ్య లేచి తిరగాలి. "ఆపరేషన్ అవసరం లేదమ్మా. హాయిగా ఇంటికి వెళ్ళు" అని నవ్వుతూ పంపింది.

నాకు గాలిలో తేలినట్టుంది. బస్టాండులో సమోసాలు కొనుక్కొచ్చాను. అవ్వ తీసుకోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బస్సు కదిలి ఊరు దాటాక చూస్తే, ఏడుస్తోంది.

"ఏమైందే అవ్వా?"

"ఏం కాలే."

"సంచి మంచిగున్నదని చెప్పింది గద డాక్టరమ్మ. సంతోషపడాలె గని ఏడుస్తరా ఎవలన్న?"

"మంచిగున్నదట" అన్నది అవ్వ, ఎవరో తనను మోసం చేసినట్టు. "మంచిగున్నదంటె నన్నెవలు పండుకోనిస్తరే?"

నాకు అర్థం కాలేదు. అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆపరేషనైతె నెల రోజులు పండుకోవచ్చు బిడ్డా. లెవ్వమని ఎవ్వలనరు. చాట ఆల్లే నింపుతరు. మీ బాపే నీళ్ళు దెస్తడు. నీ తమ్ముడు పుట్టినప్పుడు పండుకున్న, మల్ల పండుకోలే. కోస్తె కోసిండ్రు తియ్, జర పండుకుంట అనుకున్న."

ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగిపోతోంది. నా పక్కన కూర్చున్న ఆడమనిషి ఒంట్లోంచి ఒక భాగాన్ని కోయించుకోవడానికి సిద్ధపడింది. రోగం ఉండి కాదు, నిద్ర కోసం. పడుకుంటాను అని అడిగే ధైర్యం లేక, పడుకోనిస్తారన్న ఒకే ఒక్క దారి వెతుక్కుంది. నేనేమో రెండు రోజులు అన్నం మానేసి ఆ దారి కూడా మూసేశాను.

సిరిసిల్లలో దిగేసరికి అరుగు మీద ఇంకా పని నడుస్తోంది. పెద్దమ్మ దూరం నుంచే కేకేసింది. "ఏమన్నరే చెల్లే? ఎప్పుడు రమ్మన్నరు?"

అవ్వ తల దించుకుంది. నేను ముందుకెళ్ళాను.

"మా అవ్వకు ఆపరేషన్ లేదు పెద్దమ్మా. సంచి మంచిగున్నది. నడుమే పోయింది. నెల రోజులు పండుకోవాలన్నరు. చాట నింపుతరా?"

"నడుం నొప్పికా?" పెద్దమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎవలికి లేదే పొల్లా నడుం నొప్పి? నాకు లేదా, గామెకు లేదా? నడుం నొప్పికి నింపుకుంట కూసుంటె రేపు అందరు పండుకుంటరు. అప్పుడెవలు నింపాలె?"

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంటె కడుపు కోపిచ్చుకుంటెనే నింపుతరా?"

"ఏందే, ఇంటరు సదువుతున్నవని నోరు లేస్తుందా?"

"చల్ పోదాం పా" అని అవ్వ నా రెక్క పట్టి లాగుతోంది. నేను కదల్లేదు. "మా అవ్వ ఆపరేషన్ ఎందుకు చేపిచ్చుకుంటనన్నదో తెల్సా పెద్దమ్మా? పండుకునేటందుకు! ఉట్టిగ పండుకుంట అంటె మీరు పండుకోనియ్యరు గదా, గందుకు!"

అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నా ఇజ్జత్ తీసినవ్ గదనే" అని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. అరుగు మీద కత్తెరలు ఆగిపోయాయి. ఆ గల్లీలో ఆడవాళ్ళు అట్లా చేతులు ఆపి కూర్చోవడం నేను చావు ఇళ్ళల్లో తప్ప చూడలేదు.

అప్పుడు చిన్నమ్మ తల ఎత్తకుండానే అన్నది. "నేను గూడ గందుకే పోయిన."

"ఏందే?" అన్నది పెద్దమ్మ.

"నాకు తెల్లబట్ట గిట్ల ఏం లేకుండె అక్కా. నువ్వు మంచం మీద పండుకుంటె చూసిన. బావ చాయ్ తెచ్చిచ్చుడు చూసిన. నాకు గూడ గట్ల పండుకోవాలనిపిచ్చింది. డాక్టరు ఏమైతుందని అడిగితె, అరుగు మీద విన్నయే చెప్పిన."

గోడవైపు కూర్చున్న ఒకామె చాటలోని ఆకును సర్దుతున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకుంది. పెద్దమ్మ చిన్నమ్మ వైపు చూసింది, ఒక్కొక్కరి వైపూ చూసింది. తన చాట తీసుకుని లేచింది, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పట్టపగలు ఆ ఇంటి తలుపు మూసి ఉండటం మా గల్లీ ఎరగదు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. మా అవ్వ ఆపరేషన్ చేయించుకోలేదు. ఇప్పటికీ సిరిసిల్లలోనే బాపుతో కొట్లాడుతూ నిక్షేపంగా ఉంది. పొద్దున్నే చిన్నమ్మ ఇంటికెళ్ళి ఆమె మోకాళ్ళకు నూనె రాసి వస్తుంది. చిన్నమ్మ మా అవ్వ కంటే ఎంతో చిన్నది, కానీ కర్ర లేకుండా గడప దాటలేదు. అరుగంతా ఒక్క రోజులో మారిపోయిందని చెబితే అబద్ధం. చాట నింపుడుకు ఇట్లాంటి కొత్త పద్ధతి ఎక్కడా వినలేదని ఒకామె అలిగి వేరే గల్లీ అరుగు మీదికి వెళ్ళిపోయింది. అంతా విన్న తర్వాత కూడా ఇంకొకామె వెళ్ళి సంచి తీయించుకునే వచ్చింది. పెద్దమ్మ తాను తప్పు అన్నానని చివరిదాకా ఒప్పుకోలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆమె చనిపోయింది. బీడీల పని తగ్గిపోయింది, ఆ ఇల్లు కూలగొట్టి కట్టారు, అరుగు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం షట్టరు ఉంది.

నాకు ఆ అరుగు మీద కోపం పోలేదు. అంతమంది ఆడవాళ్ళను కత్తి కిందికి పంపింది అదే. కానీ ఏ సాయంత్రమైనా నడుము పట్టేసి సోఫాలో వాలితే, ఆ చాటల మధ్యకే వెళ్ళి కూర్చోవాలనిపిస్తుంది. గ్రూపులో "నడుము నొప్పి" అని పెడితే క్షణంలో పది మాత్రల పేర్లు వస్తాయి, దండం పెట్టే బొమ్మలు వస్తాయి. నా బదులు ఇంత కూర వండి పెడతానని ఎవరూ రారు. నేను కూడా ఎవరింటికీ వెళ్ళలేదు లెండి, నీతులు చెప్పడానికి.

గొడవ జరిగిన మర్నాడు అవ్వ నాతో మాట్లాడలేదు. జడ వేయలేదు, డబ్బా కట్టి గడప మీద పెట్టింది. నేను చూస్తుండగానే ఎప్పటిలాగే చాట చంకన పెట్టుకుని ఎదురింటికి నడిచింది, నడుము మీద చెయ్యి వేసుకుని. వెళ్ళక ఏం చేస్తుంది? నేను కాలేజీకి వెళ్ళాను గానీ ఒక్క పాఠం చెవికెక్కలేదు. నిన్న అందరి ముందు అంత మాట అనిపించుకుని ఆమె అక్కడ ఎట్లా కూర్చుందో, వాళ్ళు ఏమంటున్నారో అని ఒకటే గుబులు. మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి బస్సెక్కాను.

గల్లీ మలుపు తిరిగేసరికి అరుగు నిశ్శబ్దంగా ఉంది. అందరూ ఉన్నారు, చేతులు ఆడుతున్నాయి, నోళ్ళు ఆడటం లేదు. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. దగ్గరికెళ్ళాక కనబడింది. వాళ్ళ వెనక, గోడ పక్కన, బొంత మీద అవ్వ ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. మొహం మీద కొంగు కప్పి ఉంది. పట్టపగలు అవ్వ కళ్ళు మూసుకోవడం ఊహ తెలిశాక నేను చూడలేదు. పుస్తకాలు ఎక్కడ పడేశానో కూడా తెలియదు.

"అవ్వా!" అని గట్టిగా అరిచాను.

పెద్దమ్మ ఒక్క ఉదుటున నా చేయి పట్టి కిందికి గుంజింది. ఆమె ఒళ్ళో రెండు చాటలున్నాయి, ఒకటి తనది, ఒకటి మా అవ్వది.

"ఏమైంది పెద్దమ్మా? దవాఖానకు తోల్కపోదాం, బాపును పిలుస్త…"

"నోర్ముయ్, లేపకు" అన్నది పెద్దమ్మ, జన్మలో మొదటిసారి గొంతు తగ్గించి. "ఏం కాలే మీ అవ్వకు. ఏ రోగం లేదు. అలిసిపోయింది, పండుకున్నది."